కడుపు చల్లగా ఉండాలంటే: తల్లి పేగు, బిడ్డ బలం – నూరేళ్ల చరిత్ర



మన పెద్దవాళ్లు ఆడపిల్లను దీవించేటప్పుడు "నీ కడుపు చల్లగా" అంటారు. తెలుగులో కడుపు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. అన్నం అరిగేదీ కడుపే, బిడ్డను మోసేదీ కడుపే. డాక్టర్లు ఈ రెండింటినీ వేరు చేసి ఒకదాన్ని జీర్ణాశయం, పేగులు అంటారు, రెండోదాన్ని గర్భసంచి అంటారు. శరీరంలో అవి వేరువేరు అవయవాలే. కానీ ఒకటి బాగుంటేనే రెండోది బాగుంటుందని రుజువు చేయడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది.

ఆ నూరేళ్ల కథ మన యువతకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఉపాధ్యాయ శిక్షణ తీసుకుని, గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నదాన్ని. ప్రతి వారం ఐరన్ మాత్రలు పంచడం, ఆరు నెలలకోసారి నులిపురుగుల మాత్ర మింగించడం నా పనుల్లో భాగం. "మేడం, నాకేం జబ్బు లేదు కదా, ఈ మాత్ర ఎందుకు?" అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు కానీ, అసలు జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్రలో పేదతల్లులున్నారు, కూలి జనం ఉన్నారు, మన తెలుగు శాస్త్రవేత్త ఒకరున్నారు, మన పక్కనే ఉన్న ఒడిశా పల్లెలు కూడా ఉన్నాయి.

నేలలోంచి పేగులోకి

మొదట పురుగు సంగతి చెప్పుకుందాం. 1838లో ఇటలీలోని మిలాన్ నగరంలో ఏంజెలో డుబీని అనే వైద్యుడు చనిపోయిన ఒక పల్లెటూరి స్త్రీ శరీరాన్ని కోసి పరీక్షిస్తుంటే పేగులో సన్నని పురుగులు కనిపించాయి. ఇవే కొంకి పురుగులు. వీటికీ మనిషి నీరసానికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. సుమారు 1880లో ఆల్ప్స్ కొండల కింద గోట్హార్డ్ రైలు సొరంగం తవ్వుతున్న కూలీలు పాలిపోయి, ఆయాసంతో కూలిపోతుంటే, వాళ్ల పేగుల్లో ఈ పురుగులే ఉన్నాయని తేలింది. రక్తం తక్కువైంది ఈ పురుగు వల్లనేనని అప్పుడు అర్థమైంది.

మరి పురుగు ఒంట్లోకి ఎలా వస్తోంది? తిండితోనో నీళ్లతోనో వస్తుందనుకున్నారు. 1898లో ఈజిప్టులో పనిచేస్తున్న ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేతి మీద, పురుగు పిల్లలున్న నీళ్లు పొరపాటున ఒలికాయి. పడిన చోట చర్మం ఎర్రబడి దురద పెట్టింది. కొన్ని వారాల తర్వాత ఆయన మలంలోనే ఆ పురుగు గుడ్లు కనిపించాయి. పురుగు చర్మంలోంచి దూరి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల మీదుగా గొంతులోకి వచ్చి, అక్కడినుంచి పేగులోకి చేరుతుందని ఆయన తర్వాత నిరూపించారు. అంటే మలం పడిన తడి నేల మీద చెప్పుల్లేకుండా నడిస్తే చాలు.

ఒక్కో పురుగు తాగేది చాలా కొంచెం. మన దక్షిణాదిలో ఎక్కువగా ఉండే రకం రోజుకు దాదాపు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోయేలా చేస్తుంది. కానీ పేగులో 100 పురుగులుంటే రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90 మిల్లీలీటర్లు. ఇది నొప్పి లేకుండా, కంటికి కనబడకుండా జరిగే నష్టం. మగవాడికైనా ఇది నష్టమే. గర్భిణికి మాత్రం ఇది ఇద్దరి నష్టం. గర్భం మోసే తొమ్మిది నెలల్లో స్త్రీకి మామూలుకన్నా అదనంగా సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అందులో దాదాపు 300 బిడ్డకూ మాయకూ వెళ్తుంది. బిడ్డ పుట్టాక మొదటి ఆరు నెలలు ముఖ్యంగా ఈ నిల్వ మీదనే ఆధారపడుతుంది, ఎందుకంటే తల్లిపాలలో ఇనుము తక్కువ. తల్లి పేగులోంచి రక్తం పోతూ ఉంటే ఆ నిల్వ నిండదు. బిడ్డ నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. కాన్పు సమయంలో కొంచెం ఎక్కువ రక్తం పోయినా ఆ తల్లి తట్టుకోలేదు.

ఈ పురుగు కథలో మనం మరిచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేద రైతులను "సోమరులు, ఎందుకూ పనికిరానివాళ్లు" అని చాలాకాలం ఎగతాళి చేశారు. 1902లో చార్ల్స్ స్టైల్స్ అనే శాస్త్రవేత్త వాళ్లలో చాలామందికి కొంకి పురుగు ఉందని చూపించారు. పత్రికలు దాన్ని "సోమరితనపు క్రిమి" అని రాశాయి. నవ్వులాటగా రాసినా, అందులో నిజం బయటపడింది. వాళ్లది సోమరితనం కాదు, రక్తహీనత. 1909లో అక్కడ రాక్‌ఫెల్లర్ సంస్థ పెద్ద ఎత్తున చికిత్స మొదలుపెట్టింది. 1920లలో అదే సంస్థ సాయంతో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ కొంకి పురుగు సర్వేలు, చికిత్సలు జరిగాయి. అప్పటికే గంజాం, విశాఖ ఏజెన్సీలనుంచి, ఛోటానాగ్‌పూర్ నుంచి మన ఆదివాసీ జనం అస్సాం తేయాకు తోటలకు కూలికి వెళ్లి ఉన్నారు. ఆ తోటల్లో కూడా ఈ పురుగూ రక్తహీనతా కలిసే ఉండేవి.

ఈ పనులన్నిటిలో ఒక పాఠం అందరికీ ఒకేలా ఎదురైంది. మందు వేస్తే పురుగు పోతుంది, కానీ మరుగుదొడ్డి లేని ఊళ్లో కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

బొంబాయి తల్లుల పళ్లెం

పేగులోంచి ఏం పోతోందో తెలిసింది. పేగులోకి ఏం రావడం లేదో తెలుసుకోవడం తర్వాతి మెట్టు. ఈ మెట్టు మన దేశంలోనే ఎక్కారు.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. అక్కడ గర్భిణులకు, ముఖ్యంగా పేద ముస్లిం ఇళ్ల స్త్రీలకూ బట్టల మిల్లుల్లో పనిచేసే వాళ్లకూ, తీవ్రమైన రక్తహీనత వచ్చి ప్రాణాలు పోతున్నాయి. ఆమె హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండి పని మొదలుపెట్టారు. ఆ జబ్బులో రక్తకణాలు మామూలుకన్నా పెద్దవిగా, ముడిగా ఉండేవి. ఇనుము తక్కువైనప్పుడు కణాలు చిన్నవవుతాయి. కాబట్టి ఇది వేరే లోపం.

విల్స్ ఆ స్త్రీలు ఏం తింటున్నారో, ఎలాంటి ఇళ్లలో ఉంటున్నారో విచారించారు. డబ్బున్న ఇళ్ల స్త్రీలకు ఈ జబ్బు అరుదు. పేదవాళ్ల పళ్లెంలో ఆకుకూరలు, పళ్లు, పాలు, మాంసం లేవు. ఆ పళ్లెంలో ఉన్నదే ఎలుకలకు పెడితే గర్భం దాల్చిన ఎలుకలకూ రక్తహీనత వచ్చింది. తిండిలో ఈస్ట్ కలిపితే రాలేదు. తర్వాత కోతుల మీద, ఆ తర్వాత రోగుల మీద ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే చవక పదార్థాన్ని వాడి చూశారు. కదల్లేని స్థితిలో ఉన్న తల్లులు కొద్ది రోజుల్లోనే తేరుకున్నారు. 1931లో ఆమె ఈ ఫలితాలు ప్రచురించారు. ఈస్ట్‌లో ఉన్న ఆ తెలియని పదార్థానికి "విల్స్ ఫ్యాక్టర్" అని పేరొచ్చింది.

ఆమె పని బొంబాయితో ఆగలేదు. నీలగిరుల్లోని కూనూరులో, మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కూడా చేశారు. ఆ ఆసుపత్రే ఇప్పటి చెన్నై కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. కూనూరులో ఉన్న ఆహార పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. అంగన్‌వాడీ గోడ మీద మీరు చూసే ఆహార పట్టికల వెనుక ఆ సంస్థ లెక్కలున్నాయి.

విల్స్ పనిలో నాకు గొప్పగా కనిపించేది ఒకటుంది. ఆ కాలంలో జబ్బుపడ్డ పేదవాళ్ల కులాన్నీ మతాన్నీ అలవాట్లనూ తప్పు పట్టడం తేలిక. ఆమె వాళ్ల పళ్లెం చూశారు. మందు కూడా పేదవాళ్లు కొనగలిగేదే వెతికారు.

భీమవరం నుంచి వచ్చిన మేలు

విల్స్ కనుగొన్న ఆ పదార్థం ఏమిటో తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు. ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1948లో అక్కడే కన్నుమూశారు.

సుబ్బారావు జీవితానికీ పేగుకూ దగ్గరి సంబంధం ఉంది. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్స చేశారు. స్ప్రూలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఆ పొర మీద ముఖమల్ బట్టలా సన్నని నూగు ఉంటుంది. తిన్నదాంట్లోని సారాన్ని ఒంట్లోకి పీల్చేది ఆ నూగే. అది అరిగిపోతే ఎంత తిన్నా ఒంటపట్టదు. ఫోలిక్ ఆమ్లం తయారయ్యాక స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్లు కోలుకున్నారు. తన అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు సుబ్బారావు బృందం చేతుల మీదుగా మందు వచ్చింది. ఆ మందే ఈరోజు మన దేశంలో ప్రతి గర్భిణి మింగే మాత్రలో ఉంది.

దీన్నుంచి తెలిసేదేమిటి? తల్లి ఏం తిన్నదన్నది సగం సంగతి. ఆమె పేగు ఎంత పీల్చుకుందన్నది మిగతా సగం. ఏళ్ల తరబడి కలుషిత నీళ్లు తాగి, మాటిమాటికీ విరేచనాలయ్యే పిల్లల పేగు పొర కూడా కొంతవరకు ఇలాగే దెబ్బతింటుంది. ఆ పిల్లే పెరిగి తల్లి అవుతుంది.

1991లో ఇంకో ముఖ్యమైన విషయం తేలింది. అంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డను కన్న తల్లుల మీద 7 దేశాల్లో పెద్ద పరీక్ష జరిగింది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవాళ్లలో అలాంటి లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. బిడ్డ మెదడు, వెన్నుపాము మొలిచే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్లకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. నెల తప్పాక మాత్ర మొదలుపెడితే ఆ పనికి ఆలస్యమైపోతుంది. హాస్టల్లో ఉన్న పిల్లకు ఇప్పటినుంచే ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఎందుకిస్తున్నామో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పేగులో పడే తొలి విత్తనాలు

ఇంతవరకు చెప్పింది రక్తం, తిండి సంగతి. ఇంకో కథ సూక్ష్మజీవులది.

1885 ప్రాంతంలో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు జర్మనీలో పసిబిడ్డల మలాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. పుట్టగానే వచ్చే మొదటి మలంలో సూక్ష్మజీవులు దాదాపు కనిపించలేదు, కొద్ది గంటలకే వచ్చి చేరాయి. 1900కు కాస్త అటూ ఇటూగా పారిస్‌లో హెన్రీ టిస్సియే, తల్లిపాలు తాగే బిడ్డల పేగులో కొమ్మలా చీలిన ఒక రకం బ్యాక్టీరియా ఎక్కువగా ఉందని గమనించారు. దాన్నే ఇప్పుడు బిఫిడోబ్యాక్టీరియా అంటున్నాం. విరేచనాలతో బాధపడే బిడ్డల్లో అది తక్కువగా ఉండేది.

ఈ మేలుచేసే జీవి తల్లిపాలు తాగే బిడ్డలోనే ఎందుకు అంతగా పెరుగుతుంది? 1950లలో దీనికి జవాబు దొరికింది. తల్లిపాలలో కొన్ని ప్రత్యేకమైన చక్కెరలున్నాయి. పాలలో నీటిని పక్కనపెడితే పాలచక్కెర, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఇవే. విచిత్రమేమంటే వీటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని మంచి సూక్ష్మజీవుల కోసం. పొలంలో మంచి పైరు దట్టంగా ఉంటే కలుపుకు చోటుండదు కదా. అలాగే ఈ జీవులు పేగును ముందుగా ఆక్రమించుకుంటే రోగం తెచ్చే క్రిములకు చోటు తగ్గుతుంది.

ఈ విత్తనాలు ఎక్కడినుంచి వస్తాయన్నది ఇటీవలే తేలింది. 2018లో ఇటలీలో 25 మంది తల్లీబిడ్డలను నాలుగు నెలలు పరిశీలించారు. తల్లి చర్మం, నోరు, జననాంగం, పేగు, వీటన్నిటినుంచీ బిడ్డకు సూక్ష్మజీవులు వస్తున్నాయి. బిడ్డ పేగులో నిలబడి కాపురం చేసేవి మాత్రం ఎక్కువగా తల్లి పేగునుంచి వచ్చినవి. 2019లో ఇంగ్లండులో 596 మంది బిడ్డలపై జరిగిన పరిశోధన కూడా ఇదే దారి చూపింది. మామూలు కాన్పులో పుట్టిన బిడ్డలకు తల్లి పేగు జీవులు బాగా అందాయి. ఆపరేషన్‌తో పుట్టిన చాలామందికి అవి సరిగా అందలేదు, ఆసుపత్రి వాతావరణంలో ఉండేవి ఎక్కువగా చేరాయి. బిడ్డలు పెరుగుతున్నకొద్దీ ఈ తేడా చాలావరకు తగ్గింది.

ఇది చదివి ఆపరేషన్ అంటే భయపడకండి. ప్రాణం నిలపడానికి ఆపరేషన్ కావాలని డాక్టరు చెబితే చేయించుకోవాల్సిందే. ఎలా పుట్టిన బిడ్డకైనా ముర్రుపాలు, తల్లి ఒంటి వెచ్చదనం అందించడం మన చేతిలో ఉంది.

పొరుగు ఒడిశాలో ఒక పరీక్ష

ఈ శాస్త్రం పల్లె బిడ్డకు ఏమైనా పనికొస్తుందా అని తేల్చుకున్నది మన సరిహద్దు దాటితే ఉండే ఒడిశాలో. పినాకి పాణిగ్రాహి అనే వైద్య శాస్త్రవేత్త బృందం 149 గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద పరీక్ష చేసి, 2017లో ఫలితాలు ప్రకటించింది. ఒక గుంపు బిడ్డలకు మేలుచేసే లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరను కలిపి ఏడు రోజులు నోటి ద్వారా ఇచ్చారు. రెండో గుంపుకు అలాగే కనిపించే ఉత్తి పొడి ఇచ్చారు. ఉత్తి పొడి తీసుకున్న గుంపులో 9 శాతం మంది బిడ్డలకు రక్తంలో ఇన్ఫెక్షన్ రావడమో, మరణించడమో జరిగింది. మందు తీసుకున్న గుంపులో అది 5.4 శాతమే. అంటే 40 శాతం తగ్గింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఆ బిడ్డలు తల్లిపాలు తాగుతున్నవాళ్లు, బరువు 2 కిలోలకు తగ్గనివాళ్లు, ఆరోగ్యంగా పుట్టినవాళ్లు. రెండు, ఆ మందు వైద్యుల పర్యవేక్షణలో, కొలత ప్రకారం తయారైనది. దీన్ని చూసి ఎవరూ ఇంట్లో పసిబిడ్డకు మజ్జిగో అంబలో తేనో నాకించకూడదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

తప్పు ఎవరి మీద వేస్తున్నాం?

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. తల్లి పేగు బాగోకపోవడానికి కారణం ఆమె జాతి కాదు, ఆమె బద్ధకమూ కాదు. మలం కలిసిన నేల, చెప్పుల్లేని కాళ్లు, ఆకుకూర లేని పళ్లెం, శుభ్రం కాని నీళ్లు. వీటిలో ఒక్కటి కూడా ఆ తల్లి ఒక్కతే మార్చగలిగింది కాదు.

మన గూడేల్లో బిడ్డ బలహీనంగా పుడితే మొదట తల్లినే అంటారు. "అది సరిగా తినలేదు", "మాట వినలేదు" అని ఇంట్లోవాళ్లంటారు. "ఈ గిరిజనులకు చెప్పినా అర్థం కాదు" అని బయటివాళ్లంటారు. అమెరికా పేద రైతును సోమరి అన్నదీ ఇలాంటి నోరే. పరీక్ష చేసి చూసినప్పుడు అక్కడ పురుగు కనిపించింది, ఇక్కడ ఆకలి కనిపించింది. మనం చదువుకున్నది కనీసం ఈ నిందను ఆపడానికైనా పనికిరావాలి.

పాత అలవాట్లన్నీ మంచివని నేను అనడం లేదు. చాలా కులాల్లో, తెగల్లో ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు ఉండేది. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పసుపు రంగు చూసి చెడిపోయిన పాలనుకున్నారు. నిజానికి రోగాలను ఆపే శక్తి ఆ పాలలోనే ఎక్కువ. బాలింతకు పత్యం పేరుతో కూరలు, పప్పు, గుడ్డు మాన్పించడం కూడా ఇలాంటిదే. పాలిచ్చే తల్లికి అప్పుడే తిండి ఎక్కువ కావాలి. ఈ రెండూ మానుకోవలసినవి.

అలాగే పాతవాటిలో నిలుపుకోవలసినవీ ఉన్నాయి. చోళ్ల అంబలి అందులో మొదటిది. 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పిండిని రాత్రంతా పులియబెడితే ఇనుమును బంధించి ఉంచే పదార్థాలు తగ్గుతాయి, పేగుకు ఇనుము అందడం సులువవుతుంది. కొండ వాలుల్లో పండే కందులు, అలసందలు, పాడేరు వైపు పండే రాజ్మా, అన్నిటిలో ఫోలేట్ ఉంది. అడవిలో, పెరట్లో దొరికే ఆకుకూరల్లోనూ ఉంది. బొంబాయి తల్లుల పళ్లెంలో లేనివి ఇవే. మనకు ఇంటి చుట్టూ ఉన్నాయి. రేషన్ బియ్యం, పచ్చిపులుసుతో భోజనం ముగించడం అలవాటయ్యాక ఇవి మన పళ్లెంలోంచి కూడా జారిపోతున్నాయి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో అది 59 శాతం. విల్స్ బొంబాయిలో దిగి దాదాపు నూరేళ్లయింది. మందు ఉంది, మాత్ర ఉచితం, అయినా సగానికి పైగా ఆడపిల్లల రక్తం పలచగానే ఉంది. కాబట్టి ఈ చరిత్ర ఇంకా ముగియలేదు. మిగతాది మీ తరం రాయాలి.

అమ్మాయిలూ, వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం రెండూ ఉంటాయి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, అందుకే అన్నం తిన్నాక వేసుకోండి. మలం నల్లగా వస్తే భయపడకండి, అది ఇనుము వల్లే. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగొద్దు, టీ ఇనుమును పేగుకు అందనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ తోడైతే ఇనుము బాగా అందుతుంది. దిండు కింద దాచిన మాత్ర ఎవరి రక్తాన్నీ పెంచదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేసినప్పుడు మీ అంకె అడిగి గుర్తుపెట్టుకోండి. మామూలు స్త్రీకి 12, గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు.

2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుగుతోంది. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో, 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. బడి మానేసి ఇంట్లో ఉన్న పిల్లలకు ఇది అందడం లేదు. మీ గూడెంలో అలాంటి వాళ్లుంటే అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. గర్భిణులకు మొదటి మూడు నెలలు దాటాక ఏఎన్ఎం చెప్పినట్టు ఇస్తారు, సొంతంగా వేసుకోకూడదు.

ఆకుకూరలు కడిగాక కోయండి, తక్కువ నీళ్లలో, మూతపెట్టి, తక్కువ సేపు ఉడికించండి. ఉడికిన నీళ్లు పారబోస్తే ఫోలేట్ వాటితోనే పోతుంది. అడవి దుంపల్లో కొన్నిటిని మాత్రం పెద్దవాళ్లు చెప్పినట్టు నీళ్లు మార్చి ఉడికించాల్సిందే. అక్కడ వాళ్ల అనుభవమే శాస్త్రం.

అబ్బాయిలూ, ఇది ఆడవాళ్ల సంగతి అని మీరు పేజీ తిప్పేయకండి. కొంకి పురుగు గుడ్డు ఆడా మగా చూసి నేలలో పడదు. పొడు చేనుకు వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడటం, దానికి నీళ్లు తెచ్చిపెట్టడం మీ పని కూడా. మరుగుదొడ్డి కట్టి నీళ్లివ్వకపోతే గ్రామసభలో అడగాల్సింది మీరే. ఇంట్లో అందరి తర్వాత, మిగిలింది తినేది అమ్మా, అక్కా, రేపు మీ భార్యా. కూర గిన్నెలో ఆమె వాటా ముందే తీసిపెట్టే అలవాటు మీ ఇంట్లో మీరే మొదలుపెట్టొచ్చు. దానికి ఏ పథకమూ అక్కర్లేదు.

బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ము అందించాలి, ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదు. ఈ మాట మీ నానమ్మకు, అమ్మమ్మకు చెప్పగలిగేది మీరే. నాలాంటి వార్డెన్ చెబితే "ఆమెకేం తెలుసు" అనొచ్చు. ఇంటి పిల్ల చెబితే వింటారు. పోట్లాడకుండా, పక్కన కూర్చుని, ఆ పసుపు పాలలో ఏముందో చెప్పండి.

"నీ కడుపు చల్లగా" అని దీవించిన పెద్దవాళ్లకు బ్యాక్టీరియా తెలియదు, ఫోలిక్ ఆమ్లం తెలియదు. బిడ్డ చల్లగా ఉండాలంటే తల్లి కడుపు నిండాలని మాత్రం తెలుసు. ఆ దీవెనను నిజం చేసే మాత్ర, తిండి, చెప్పులు, నీళ్లు ఈరోజు మన అందుబాటులోకి వచ్చాయి. మన గూడేల్లో ప్రతి ఆడపిల్లకూ అవి అందుతున్నాయో లేదో చూసే బాధ్యత మీ తరానిది.